బొమ్మ మూస్తే ఆగిపోయిన చదువు: ఒక రీడింగ్ సెంటర్, ఒక కిట్టు, మా పాప

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ సెంటర్ పాంప్లెట్ టైపు చేసింది నేనే. "అక్షరాలు బట్టీ పట్టించం. 90 రోజుల్లో మీ పాప పుస్తకం పట్టుకుని గడగడా చదువుతుంది" అన్న లైన్‌ను 36 పాయింట్ల బోల్డులో పెట్టింది నేనే. పక్కన నవ్వుతున్న పిల్ల బొమ్మ అతికించింది నేనే. వెయ్యి కాపీలు వేయించి ఇచ్చాక, ఒకటి జేబులో పెట్టుకుని ఇంటికెళ్లి మా ఆవిడకు చూపించిందీ నేనే. మిఠాయి చేసేవాడు మిఠాయి తినడంటారు గానీ, నేను తిన్నాను.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, దశదిన కర్మ కార్డులు, డీఈడీ (టీచర్ ట్రైనింగ్) పిల్లల ప్రాజెక్టులు, ఇవే నా తిండి. పాప ఒకటో తరగతి, ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో అందరం చిట్టి అంటాం. సెంటర్ హైదరాబాద్ రోడ్డు వైపు ఒక కాంప్లెక్సు రెండో అంతస్తులో ఉంది. పేరు రాయను. ఊరు చిన్నది, ఆ మేడమ్ ఇప్పటికీ నా కస్టమరే. పైగా తప్పు ఆమె ఒక్కదానిదీ కాదు, అది ఎక్కడెక్కడి నుంచో తిరిగి మన ఊరికొచ్చింది. ఆ కథ తర్వాత చెప్తాను.

ఫీజు మూడు నెలలకు 6,000. కిట్టు విడిగా 2,500. కిట్టు తీసుకోనంటే చేర్చుకోరు. వారానికి నాలుగు రోజులు, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా. జూన్‌లో చేర్పించాం, బతుకమ్మ పండక్కి ముందు అయిపోయింది.

సౌకర్యాల గురించి రెండు ముక్కలు. గది శుభ్రంగా ఉంటుంది, ఏసీ ఉంది, బాత్రూమ్ బాగుంది, ఫిల్టర్ నీళ్లున్నాయి. మన జిల్లాలో నీళ్ల సంగతి ముందు చూడాలి కాబట్టి చూశాను. కింద బండి పెట్టుకోవడానికి చోటు లేదు. మెట్ల మీద లైటు నేను వెళ్లిన మూడు నెలలూ వెలగలేదు. అంతే.

ఇక అసలు విషయం. కిట్టులో 24 బొమ్మల పుస్తకాలు (పన్నెండు తెలుగు, పన్నెండు ఇంగ్లిష్), వంద ఫ్లాష్ కార్డులు, ఒక గోడ చార్టు, ఒక సంచి ఉన్నాయి. పుస్తకాలు నిజంగా బాగున్నాయి. కాగితం మందం, ప్రింటింగ్ శుభ్రం, కుట్టు గట్టిది. ఈ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నవాణ్ని, కాగితం పట్టుకుంటే తెలుస్తుంది. పేజీకో వాక్యం, దాని మీద పెద్ద బొమ్మ. మేడమ్ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, గొంతు మార్చి మార్చి చదివేది. కోతి వస్తే కోతిలా, ముసలమ్మ వస్తే ముసలమ్మలా. పిల్లలు కదలకుండా వినేవాళ్లు. చిట్టి బడికి పోవాలంటే కడుపు నొప్పంటుంది, ఈ సెంటర్‌కు మాత్రం ఐదింటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేది. దానికి మార్కులు వేయకపోతే నాకు పాపం తగులుతుంది.

నెలన్నర తిరక్కుండానే చిట్టి పుస్తకం "చదవడం" మొదలుపెట్టింది. వేలు పెట్టి, గొంతు మార్చి, పేజీ తిప్పి. మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "బిడ్డకు చదువొచ్చింది నాయనా" అని వాడకట్టంతా చెప్పొచ్చింది. నేను వీడియో తీసి మా బావమరిదికి పంపాను. వాడు తన కొడుకును కూడా చేర్పిస్తానన్నాడు.

అనుమానం ఒక పండు దగ్గర మొదలైంది.

పుస్తకంలో కోతి కథ. చెట్టు, చెట్టుకు ఒక పండు. కింద "చెట్టు మీద నారింజ ఉంది" అని అచ్చులో ఉంది. చిట్టి వేలు పెట్టి "చెట్టు మీద బత్తాయి ఉంది" అని చదివింది. నల్లగొండ పిల్ల కదా, గుండ్రంగా కనిపించిన ప్రతి పండూ బత్తాయే. నవ్వొచ్చింది. "మళ్లీ చూడమ్మా, అక్కడ ఏముంది?" అన్నాను. మళ్లీ చూసింది. అక్షరాల వైపు కాదు, బొమ్మ వైపు. "బత్తాయే డాడీ" అంది.

మర్నాడు మేడమ్‌కు చెప్పాను. ఆమె సంతోషంగా "అదే సర్ మేం కోరుకునేది! పాప అర్థం పట్టుకుంది. రెండూ పుల్లటి పండ్లే కదా, కథ ఎక్కడా తప్పలేదు. ఇప్పుడు సరిదిద్దితే చదవడమంటే భయం పట్టుకుంటుంది" అంది. గోడ చార్టు చూపించింది. అందులో వరుసగా ఇలా ఉంది: మాట తెలియకపోతే బొమ్మ చూడు. మొదటి అక్షరం చూడు. ఏ మాట పెడితే బాగుంటుందో ఆలోచించు. అయినా రాకపోతే వదిలేసి ముందుకు పో.

నాకు ఒళ్లు మండింది గానీ బయటపడలేదు. నా వృత్తి అలాంటిది మరి. కార్డు మీద నారింజ అని ఉన్నచోట బత్తాయి కొడితే, "అర్థం తప్పలేదు కదా" అని కస్టమర్ డబ్బులిస్తాడా?

ఆ రాత్రి షాపులో కూర్చుని ఆ కథలోని వాక్యాలన్నీ 28 పాయింట్లలో కొట్టి ఏ ఫోర్ కాగితం మీద ప్రింటు తీశాను. బొమ్మల్లేవు. ఇంకో పని చేశాను, వాక్యాల వరుస తారుమారు చేశాను. చివరి వాక్యం మొదటికి తెచ్చాను. ఇంటికెళ్లి చిట్టి ముందు పెట్టాను. చిట్టి వేలు పెట్టి, గొంతు మార్చి, పాత వరుసలోనే మొత్తం కథ అప్పజెప్పింది. వేలు ఒక వాక్యం మీద, నోట్లో ఇంకో వాక్యం. చివర్లో నా మొహం చూసి "కరెక్టేనా డాడీ?" అంది.

దాన్ని ఏమనాలో నాకు తెలియలేదు. "సూపర్" అన్నాను. నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆ తిరిగి తిరిగి వచ్చిన కథ. డీఈడీ పిల్లలకు ప్రాజెక్టులు టైపు చేస్తానని చెప్పాను కదా. అక్షర పద్ధతి, పద పద్ధతి, వాక్య పద్ధతి, కథా పద్ధతి అని ఏటా అవే హెడ్డింగులు కొడతాను. కొట్టడమే గానీ ఏనాడూ బుర్రకెక్కించుకోలేదు. ఈ దెబ్బతో పాత ఫైళ్లు తెరిచి చదివాను, ఫోన్‌లో ఇంకా వెతికాను. మా సెంటర్ పద్ధతికి అమెరికాలో ఒక పేరుంది: హోల్ లాంగ్వేజ్. భాషను ముక్కలు చేయకుండా మొత్తంగా ఇవ్వాలని, మంచి కథల మధ్య పెరిగితే మాటలు వచ్చినట్టే చదువూ వస్తుందని ఆ పద్ధతి వాళ్ల నమ్మకం. 1967లో కెన్నెత్ గుడ్‌మన్ అనే ప్రొఫెసర్, చదవడమంటే ఒక ఊహించే ఆట అని రాశాడు. అలవాటు పడ్డ పాఠకుడు ప్రతి అక్షరాన్నీ చూడడు, ముందేం వస్తుందో ఊహించుకుంటూ పోతాడు అని. ఫ్రాంక్ స్మిత్ అనే ఆయనా దాదాపు ఇదే దారి. మా మేడమ్ గోడ చార్టు ముత్తాత ఎవరో నాకప్పుడు తెలిసింది.

తమాషా ఏమిటంటే, అదే 1967లో జీన్ చాల్ అనే ఆవిడ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకెను మొదట్లోనే పద్ధతిగా నేర్పితేనే మేలని తేల్చింది. అంతకుముందే, 1955లో, రుడాల్ఫ్ ఫ్లెష్ ఇదే విషయం మీద ఒక పుస్తకం రాసి గొడవ పెట్టాడు. అంటే ఈ తగాదా నా వయసు కన్నా పెద్దది. కాలిఫోర్నియా రాష్ట్రం 1987లో కథల పుస్తకాల దారి పట్టింది. 1994లో దేశమంతటా జరిగిన పరీక్షలో నాలుగో తరగతి చదువులో ఆ రాష్ట్రం దాదాపు అట్టడుగున తేలింది. తప్పు పద్ధతిది కాదు, క్లాసులు కిక్కిరిసి ఉన్నాయి, లైబ్రరీల్లో పుస్తకాల్లేవు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు ఎక్కువ అని ఆ పక్షం వాళ్లు అన్నారు. అందులో నిజం ఉండే ఉంటుంది. కానీ 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ కూడా అక్షరం–శబ్దం లంకెను వరుసగా నేర్పడం పిల్లలకు మేలు చేస్తుందనే చెప్పింది. ఆ తర్వాత రెండిటినీ కలిపామంటూ కొత్త పేరుతో పాత ఊహల చార్టులే చాలా బడుల్లో కొనసాగాయట. ఎమిలీ హాన్‌ఫర్డ్ అనే జర్నలిస్టు 2022లో దీని మీద పాడ్‌కాస్ట్ చేస్తే అక్కడ పెద్ద దుమారమే లేచింది. అక్కడ జనం మొత్తుకుంటున్న చార్టు ఇక్కడ మన హైదరాబాద్ రోడ్డులో కొత్తగా లామినేషన్ చేసి అతికించారు. లామినేషన్ కూడా నా షాపులోదే, ఏం చెప్పను.

గుడ్‌మన్ చెప్పిందాంట్లో ఒక నిజం ఉందని నా పనే నాకు నేర్పింది. ఒకసారి గృహప్రవేశం కార్డు కొట్టాను. ప్రూఫ్ నేను చూశాను, కస్టమర్ చూశాడు, వాళ్ల బామ్మర్ది చూశాడు. 300 కార్డులు అచ్చయ్యాక వాళ్లింటి పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివి, "గ్రహప్రవేశమా? ఏ గ్రహం ప్రవేశిస్తుంది నాయనా, శనేనా?" అన్నాడు. గ కింద సుడి ఉండాల్సిన చోట ర వత్తు పడింది. ముగ్గురం చూశాం, ముగ్గురం ఊహించుకున్నాం. పట్టుకున్నది మాత్రం అక్షరం అక్షరం చదివిన ముసలాయన. కార్డులు మళ్లీ నా ఖర్చుతో వేయాల్సి వచ్చింది. కాబట్టి ఊహించడం ఉంది, కాదనను. అది అక్షరాలొచ్చినవాడి అలసట. అక్షరాలు రాని పిల్లకు దాన్నే చదువని నేర్పితే ఎట్లా? పైగా కంటి కదలికల్ని యంత్రాలతో కొలిచిన కీత్ రేనర్ లాంటివాళ్లు, బాగా చదివేవాళ్ల చూపు కూడా చాలా మాటల మీద ఆగే వెళ్తుందని చూపించారు. మనం అనుకున్నంతగా దూకుతూ పోమట.

మాటలొచ్చినట్టే చదువూ వస్తుందన్న దానికి మా ఇంట్లోనే జవాబు కూర్చుని ఉంది. మా అమ్మ. ఆమె నోట్లో ఉన్నన్ని సామెతలు, పొడుపుకథలు నా కంప్యూటర్‌లో ఫాంట్లు కూడా లేవు. బతుకమ్మ పాట ఎత్తుకుంటే వాడంతా చప్పట్లు కలుపుతుంది. అరవై ఏళ్లుగా ఆమె చుట్టూ బోర్డులు, పేపర్లు, గోడ రాతలు, రేషన్ కార్డులు, ఎన్నికల గుర్తులు. నా షాపులో ఆమె కూర్చునే కుర్చీ చుట్టూ అక్షరాలే. చదువు దానంతటదే వచ్చేదైతే ఈపాటికి రావాలి కదా.

అమ్మకు కొన్ని మాటల ఆకారాలు తెలుసు. బస్టాండులో నల్లగొండ, దేవరకొండ, మునుగోడు బోర్డులు గుర్తుపడుతుంది. ఆమె పుట్టిల్లు మునుగోడు దగ్గర. ఒకసారి ధైర్యంగా ఒక్కతే బస్సెక్కింది. ఊరు దాటకముందే కండక్టర్ టికెట్ అడిగితే తెలిసింది, అది కోదాడ బస్సని. బోర్డు మీద "వయా సూర్యాపేట, మునగాల" అని ఉంది. "గా బోర్డు మీద మున అని లేదా మరి?" అని ఇప్పటికీ వాదిస్తుంది. ఉంది. మున అనే ఉంది. మొదటి అక్షరాలు చూసి, ఏ ఊరు పెడితే బాగుంటుందో ఆలోచించింది. మేడమ్ చార్టులో రెండో మెట్టు, మూడో మెట్టు రెండూ సక్రమంగా ఎక్కింది. మునుగోడు ఒక దిక్కు, మునగాల ఇంకో దిక్కు.

ఈ కథ మేడమ్‌కు చెప్పాను, గొడవకు కాదు, మామూలుగానే. నవ్వింది. ఆమె మంచి మనిషి, అది మళ్లీ రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఐదు రోజుల ట్రైనింగ్ ఇచ్చి, కిట్లు అంటగట్టి పంపారట. "మీరు చిన్నప్పుడు అఆలు దిద్దారు కాబట్టి మీకు అదే సరైందనిపిస్తుంది సర్" అంది. మిగిలిన నెల ఫీజు వెనక్కి అడిగితే, రూల్సు ప్రకారం కుదరదంది. ఆ రూల్సు కాగితం కూడా నా షాపులో టైపు చేసిందే కాబట్టి నోరు మూసుకున్నాను.

కానీ ఆమె మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది. నేను అఆలు దిద్దిన మాట నిజమే. ఆ చదువు అంత గొప్పదా? కనగల్ మండలంలో మా ఊరి బడి. పలక, బలపం, చింతచెట్టు. సార్ బెత్తంతో బల్ల మీద కొట్టేవాడు, మేం ఊగేవాళ్లం: కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు గుడి దీర్ఘమిస్తే కీ... రాగం బాగుండేది. రెండో తరగతిలో మొత్తం గుణింతం కళ్లు మూసుకుని పాడేవాణ్ని. కానీ సార్ బోర్డు మీద కే అని ఒక్కటే రాసి ఏమిటని అడిగితే, లోపల క నుంచి పాడుకుంటూ వచ్చి ఏత్వం దగ్గర ఆగాలి. అప్పుడు గానీ తెలిసేది కాదు. నా పక్కన కూర్చునే పిల్లాడు ఐదో తరగతి దాకా పాడాడు. పేపర్‌లో ఒక్క లైను చదవడం రాకుండానే బడి మానేసి బత్తాయి తోటలో పనికి పోయాడు. వాడిదీ కంఠస్థమే, చిట్టిదీ కంఠస్థమే. వాడికి దెబ్బలు, చిట్టికి చప్పట్లు, అంతే తేడా. ఈ దెబ్బలూ ఊగుడూ చూసి విసిగిపోయే, పిల్లలకు ముందు కథ చెప్పండ్రా నాయనా అన్నవాళ్లు పుట్టి ఉంటారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. వాళ్లిచ్చిన మందే తప్పు.

ఇంకో ముఖ్యమైన తేడా మన సెంటర్లవాళ్లు పట్టించుకోరు. ఇంగ్లిష్‌లో ఎస్, ఏ, ఐ, డి రాసి "సెడ్" అనాలి. సీ, ఏ, టీ అని ఎంత గట్టిగా అన్నా అందులోంచి క్యాట్ రాదు. అక్కడ కొట్లాటకు ఒక కారణం ఉంది. తెలుగులో త అంటే త. రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం, నూటికి తొంభై పాళ్లు. ఊహించాల్సిన అవసరమే లేని భాషలో ఊహించడం నేర్పడం, తాళం తీసి ఉన్న ఇంటికి గోడ దూకి వెళ్లడం లాంటిది. అయితే మన కష్టం వేరేచోట ఉంది. వాళ్లకు 26 అక్షరాలైతే, మనకు అచ్చులు, హల్లులు, వాటి గుణింతాలు, వత్తులు కలిపి వందల ఆకారాలు. కన్నడ పిల్లల మీద సొనాలి నాగ్ చేసిన పని 2007లో అచ్చయింది. అక్కడ అక్షరాలు పూర్తిగా పట్టుబడడానికి నాలుగో తరగతి దాకా పడుతోందని అందులో ఉంది. మన లిపి దానికి తోబుట్టువే. అందుకని 90 రోజులన్న మాటే అబద్ధం. నేను 36 పాయింట్లలో కొట్టిన అబద్ధం.

మా వాడకట్టులో ఒక ప్రభుత్వ బడి టీచరమ్మ ఉన్నారు. 2022లో తొలిమెట్టు అనే ప్రభుత్వ కార్యక్రమం వచ్చినప్పటి నుంచి వాళ్లు పిల్లల్ని అక్షరం, పదం, వాక్యం అంటూ ఎక్కడ ఆగిపోయారో చూసి చెప్తున్నారట. ఆమె చిట్టిని పది నిమిషాలు కూర్చోబెట్టి, "ఈమెకు పదకొండు అక్షరాలు వచ్చు. మిగతాదంతా తెలివి" అన్నారు. తెలివి అన్న మాటకు మా ఆవిడ మురిసిపోయింది. నాకు పదకొండు అన్న మాటే వినిపించింది.

ఆమె చెప్పినట్టే మొదలుపెట్టాం. అ నుంచి ఱ దాకా ఒకేసారి కాదు. త, ల, వ, ప, క, ఐదే. ఐదు అక్షరాలతోనే తల, వల, కల, పలక, తపతప. అవి వచ్చాక ఆ అయిదింటికే దీర్ఘం. తాత, పాప, పాక, లావా (ఇదేంటని అడిగితే ఫోన్ పేరని చెప్పాను, అగ్నిపర్వతం దాకా పోలేదు). తర్వాత గుడి. కార్డులు నేనే కొట్టాను, కటింగ్ మెషిన్ మీద కోశాను, ఖర్చు నలభై రూపాయలు. పిల్లలు తికమకపడే జంటలు నాకు బాగా తెలుసు, ఎందుకంటే నా షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్లూ అక్కడే తప్పు కొడతారు. ప, వ ఒక జంట. వాటిని 200 పాయింట్లకు పెంచి ప్రింటు తీసి పక్కపక్కన పెట్టాను. ప మీద తలకట్టు అంటకుండా విడిగా నిలబడుతుంది, వ మీద అంటుకుని ఉంటుంది. చిట్టి వేలితో తడిమి, "ప టోపీ ఎగిరిపోయింది" అంది. ఆ తర్వాత మళ్లీ తప్పలేదు.

అన్నిటికన్నా పనికొచ్చింది ఇంగ్లండ్ నుంచి ఎత్తుకొచ్చిన చిట్కా. అక్కడ 2012 నుంచి ఒకటో తరగతి ఈడు పిల్లలకు 40 మాటల పరీక్ష పెడతారు. అందులో 20 మాటలకు అర్థమే ఉండదు, పక్కన ఒక వింత జీవి బొమ్మ ఉంటుంది. అర్థం లేని మాటను ఊహించలేం కదా, అక్షరాలు చదవాల్సిందే. నేను రాక్షసుల పేర్లు తయారుచేశాను. గిబుమో. టేలుకా. పోతిగా. జూమిడే. రాత్రి అన్నం తిన్నాక రోజుకు ఐదుగురు రాక్షసులు. పేరు సరిగ్గా చదివితే రాక్షసుడు చస్తాడు, తప్పు చదివితే నన్ను పట్టుకుంటాడు. మొదటి వారం నేను చాలాసార్లు చచ్చాను. చిట్టి బొమ్మ కోసం వెతికేది, బొమ్మ లేదు. చార్టు కోసం వెతికేది, చార్టు లేదు. గి... గిబు... గిబుమో! మూడో వారంలో ఒకరోజు మా అమ్మ కూడా పక్కన చేరి, "ఈడెవడే?" అని కార్డు మీద వేలు పెట్టింది. ఇప్పుడు అమ్మకు త, ల, ప వచ్చు. వ దగ్గర ఆగింది, టోపీ సంగతి నమ్మనంటోంది.

సెంటర్‌లో నేర్చుకున్నది ఒకటి వదల్లేదు. రాత్రి పడుకునేముందు కథ చదివి వినిపించడం. గొంతు మార్చడం నాకు రాదు. నేను చదివితే కోతి కూడా కండక్టర్‌లా మాట్లాడుతుందని చిట్టి ఫిర్యాదు. అయినా వింటుంది.

మార్కుల మాటకొస్తే, పుస్తకాలకు ఐదుకు నాలుగు. మేడమ్ కథ చెప్పే తీరుకు ఐదుకు ఐదు. చదవడం నేర్పినందుకు ఐదుకు ఒకటి, అదీ ఆ పదకొండు అక్షరాల్లో ఒకటో రెండో అక్కడే వచ్చి ఉంటాయన్న మర్యాదకు. ఫ్లాష్ కార్డులకు సున్న. మీ పిల్లలకు అక్షరాలు, గుణింతాలు వచ్చేసి పుస్తకమంటే విసుగు పడుతుంటే నిస్సంకోచంగా పంపండి, చాలా బాగుంటుంది. అక్షరాలు ఇంకా రాకపోతే 8,500 మీ దగ్గరే ఉంచుకోండి. చేర్చే ముందు, అక్కడ "చదివేస్తున్న" పిల్లల్లో ఒకరిని పిలిచి, అరచేత్తో బొమ్మ మూసి చదవమనండి. మేడమ్‌కు కోపం రాదు, వస్తే అదీ ఒక జవాబే.

కొత్త పాంప్లెట్ కోసం మేడమ్ పోయిన వారం షాపుకొచ్చింది. "90 రోజుల్లో" అన్న లైను తీసేద్దామా మేడమ్ అన్నాను. చాలాసేపు ఆలోచించి, పాయింటు సైజు తగ్గించమంది. 24కు తగ్గించాను.

కిట్టు అమ్మకానికి పెట్టాను, 700 రూపాయలు, ఫ్లాష్ కార్డులు ఊరికే. 24 పుస్తకాల్లో 23 ఉంటాయి. కోతి పుస్తకం చిట్టి ఇవ్వనంటోంది. దాన్ని ఇప్పుడు మొత్తం చదువుతుంది, నారింజ అనే చదువుతుంది. కాకపోతే రాసినవాళ్లకే తెలియదని, బొమ్మలో ఉన్నది ముమ్మాటికీ బత్తాయేనని దాని వాదన. నేనూ మళ్లీ పట్టి పట్టి చూశాను. తొక్క పచ్చగా ఉంది, బత్తాయే అనిపిస్తోంది.